ఫెయిర్ అనే మాటలో మనం వదిలేసిన సగం

తెలుగిళ్ళలో రోజూ నలిగే ఇంగ్లీషు విశేషణాలు బోలెడున్నాయి. బిజీ, ఫ్రీ, టైట్, సూపర్, డల్, అన్నీ వచ్చి మన మాటల్లో కలిసిపోయాయి, వాటితో నాకు ఏ పేచీ లేదు. నా పేచీ అంతా ఫెయిర్ అనే మాటతోనే. ఇంగ్లీషులో దీనికి అరడజను అర్థాలైనా ఉన్నాయి. వాటిలో పెద్దది, ఇవాళ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ నోట ఎక్కువగా వినబడేది, న్యాయంగా ఉండటం అన్న అర్థం. మనం దాన్ని గుమ్మం బయటే వదిలేసి ఒంటి రంగు అర్థాన్ని మాత్రం ఇంట్లోకి తెచ్చుకున్నాం. పెళ్ళిచూపుల్లో, పురిటి మంచం దగ్గర, బయోడేటాల్లో దానికి పెద్దపీట వేశాం. భాషల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు మామూలే, ఇదీ అలాంటిదే అనుకుని ఊరుకోవచ్చు, కానీ నేను ఊరుకోలేను. తెలుగులో అడగడానికి నోరు రానిదాన్ని మర్యాదగా అడగడానికి ఈ మాట మనకు పనికొచ్చింది, అందుకే తెచ్చుకున్నాం. నా వాదన ఇదే.

నేను ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. పాఠంలో ఈ మాట వచ్చినప్పుడల్లా నేను చెప్పకుండా ముందు వాళ్ళనే అర్థం అడుగుతాను. క్లాసు క్లాసంతా ఒకటే జవాబు, "తెల్లగా ఉండటం మేడమ్" అని. వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "ఫెయిర్ నోట్స్" అంటారు. న్యాయం అన్న మాట దానంతటది రాదు. "ఇట్స్ నాట్ ఫెయిర్" అని బోర్డు మీద రాశాక ఒకరిద్దరు, అదీ చిన్నప్పుడు ఇంగ్లీషు కార్టూన్లు చూసి పెరిగినవాళ్ళు, "అన్యాయం అనా మేడమ్?" అని సందేహంగా అడుగుతారు. తెలివైన పిల్లలే. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో విన్న అర్థం ఏదో అదే చెబుతున్నారు.

ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలిస్తే మిగతాది మాట్లాడుకోవడం తేలిక. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో దీనికి చూడముచ్చటగా ఉండటం అన్నదే ప్రధానమైన అర్థం. మనిషికీ, ఊరికీ, వాన లేని రోజుకీ అందరికీ అదే మాట. దానికి వ్యతిరేకం ఫౌల్, అంటే చూడబుద్ధి కానిది. కబడ్డీలో మనం అరిచే ఫౌల్ అదే. వాతావరణానికి ఆ పాత అర్థం ఇప్పటికీ మిగిలే ఉంది, గోడకు తగిలించే పాతకాలపు బారోమీటర్ల మీద వాన, మార్పు, ఫెయిర్ అని రాసి ఉండేది. అందం అన్న అర్థం నుంచి ఒకవైపు తెల్లని ఒళ్ళు, లేతరంగు జుట్టు అన్న అర్థం పుట్టింది, ఆ దేశంలో అందమంటే వాళ్ళకు అదే కాబట్టి. ఇంకోవైపు మచ్చలేనిది, వంకర లేనిది, అక్కడినుంచి పక్షపాతం లేనిది అన్న అర్థం పుట్టి 14వ శతాబ్దం నాటికే స్థిరపడింది. ఒకే మాటలో అందం, తెలుపు, న్యాయం మూడూ కూర్చుంటే ఎంత తిరకాసు వస్తుందో వాళ్ళకూ తెలియకపోలేదు. 1609లో అచ్చయిన షేక్స్‌పియర్ సానెట్లలో 127వది మొదలయ్యేదే, పాతకాలంలో నలుపును ఫెయిర్ కింద లెక్కపెట్టేవాళ్ళు కాదు అన్న మాటతో. నాలుగు వందల ఏళ్ళ కిందటే అక్కడ ఒక కవి ఈ ముడిని పట్టుకుని లాగాడు.

బుక్ ఫెయిర్, జాబ్ ఫెయిర్, సైన్స్ ఫెయిర్‌లలో ఉన్నది వేరే మాట. అది లాటిన్‌లో పండగ రోజుకున్న పేరు నుంచి వచ్చింది, అక్షరాలు కలిశాయంతే. దాన్ని పక్కన పెడదాం.

ఇవాళ ఇంగ్లండులో ఒకరు తాను ఫెయిర్ అని చెప్పుకుంటే జుట్టు బంగారు రంగులో ఉంటుందనో, కాసేపు ఎండలో నిలబడితే ఒళ్ళు కందిపోతుందనో చెప్పడం. అందులో గొప్ప ఉండాల్సిన అవసరం లేదు. ఆ మాటను గొప్పగా వాడాలంటే వాళ్ళు న్యాయం గురించే వాడతారు. ఆటలో ఫెయిర్, జీతంలో ఫెయిర్, కోర్టులో ఫెయిర్. రొట్టె ముక్కలు సమానంగా రాకపోతే మూడేళ్ళ పిల్ల కూడా ముందు నేర్చుకునేది 'దట్స్ నాట్ ఫెయిర్' అనే.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు ఒక వేసవిలో రోజూ ఈతకు వెళ్ళి బాగా కమిలిపోయింది. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ, "ఎండలో తిరిగి నల్లబడిపోయావే, ఎంత ఫెయిర్‌గా ఉండేదానివి" అంది. ఆ పిల్ల కాసేపు ఆలోచించి వాళ్ళమ్మ వైపు తిరిగి, నేను ఎవరితో ఫెయిర్‌గా ఉన్నాను, ఏం చేశాను అని ఇంగ్లీషులో అడిగింది. ఎవరికో ఏదో సరిగ్గా పంచి ఉంటాను, అందుకే అమ్మమ్మ మెచ్చుకుంటోంది అనుకుంది. మా అమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు, పిల్లకు ఆ మెచ్చుకోలు అర్థం కాలేదు. మా చెల్లెలు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. విడమరిచి చెప్పాక పిల్ల తన చేతుల వంక చూసుకుందట. అది విన్నప్పట్నుంచీ ఈ విషయం రాయాలనే ఉంది.

మరి తెలుగులో ఫెయిర్‌కు రంగు తప్ప ఇంకేం మిగిలింది? స్కూల్లో రఫ్ నోట్సు, ఫెయిర్ నోట్సు. కొట్టివేతలున్నది రఫ్, నీట్‌గా, తప్పుల్లేకుండా, అట్ట వేసి లేబుల్ అంటించి టీచరుకు చూపించేది ఫెయిర్. ఆఫీసుల్లో డ్రాఫ్టు ఆమోదం పొందాక "ఫెయిర్ చేసి సంతకానికి పెట్టండి" అంటారు. రెండూ ఇంగ్లీషులో శుభ్రమైన చేతిరాతకున్న అర్థం నుంచి వచ్చినవే. ప్రోగ్రెస్ కార్డులో ఎక్సలెంట్, గుడ్ తర్వాత వచ్చే ఫెయిర్ ఉంది, దానికి మన భాషలో ఫరవాలేదు అన్నది అచ్చంగా సరిపోతుంది. ఇవి ఎవరినీ నొప్పించేవి కావు. అయినా ఒక్క సంగతి నన్ను వదలదు. ఆరేడేళ్ళ పిల్ల తలలో ఫెయిర్ అంటే తప్పుల్లేనిది, పదిమందికీ చూపించదగ్గది అని బడిలో నాటుకుంటుంది. అదే ఏడు ఏ పెళ్ళిలోనో ఒక పెద్దమ్మ గడ్డం పట్టుకుని, "అక్క ఫెయిర్, నువ్వు మీ నాన్న పోలిక" అంటుంది. ఆ రెండు ఫెయిర్‌లూ ఆ పిల్ల తలలో పక్కపక్కనే ఉంటాయి, వాటిని ఎవరూ విడదీసి చెప్పరు.

న్యాయం అర్థం మనకు అసలు చేరనేలేదా అంటే, చేరింది, ప్రభుత్వ కాగితాల మీద. కానీ చేరిన చోట కూడా తెలుగులోకి వచ్చేసరికి చాలాసార్లు జారిపోయింది. రేషన్ షాపు బోర్డు చూడండి. ఇంగ్లీషులో ఫెయిర్ ప్రైస్ షాప్, తెలుగులో చౌక ధరల దుకాణం. న్యాయమైన ధర వేరు, చౌక ధర వేరు. న్యాయమైన ధర అంటే ఆ ధరకు ఆ బియ్యం నాకు రావాల్సిందే, అడిగే హక్కు నాకుంది. చౌక అంటే ఎవరో దయతలచి తగ్గించి ఇచ్చారు, లైన్లో నోరు మూసుకుని నిలబడాలి. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రత చట్టం ఆ బియ్యాన్ని చట్టబద్ధమైన హక్కు చేసింది. బోర్డు మీద మాత్రం చౌక అలాగే ఉంది, "చౌక బియ్యం తినేవాళ్ళు" అని వెటకారంగా అనేవాళ్ళ నోట్లోనూ ఆ మాటే ఉంది.

అదే 2013లో ఇంకో చట్టం వచ్చింది. 1894 నాటి భూసేకరణ చట్టాన్ని తీసేసి తెచ్చిన దాని పూర్తి పేరులో మొట్టమొదట ఉన్నది న్యాయమైన పరిహారం పొందే హక్కు, ఇంగ్లీషులో ఫెయిర్ కాంపెన్సేషన్. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పల్లెల్లో భూమి పోయినవాళ్ళకు మార్కెట్ విలువకు నాలుగు రెట్ల దాకా ఇచ్చే లెక్క అందులోనే ఉంది. తెలంగాణలో మల్లన్నసాగర్ జలాశయం ముంపు గ్రామాల రైతులు, ఆ చట్టాన్ని పక్కనబెట్టి భూమిని నేరుగా కొనేందుకు ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు మీద 2016లో "జీవో 123 వద్దు, 2013 చట్టం ప్రకారం ఇవ్వండి" అని రోడ్డెక్కారు. వాళ్ళ నోట అది 2013 చట్టం. ఆఫీసర్ల నోట భూసేకరణ చట్టం. ఊళ్ళో మాట్లాడుకునేటప్పుడు ప్యాకేజీ. పేరులో మొదట కూర్చోబెట్టిన 'న్యాయమైన' అన్న మాట ఎవరి నోటా నిలవలేదు. ఆ రైతులు అడుగుతున్నది సరిగ్గా ఫెయిర్ అన్న మాటకున్న అసలు అర్థాన్నే, అయినా ఆ మాట వాళ్ళదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఫెయిర్ అంటే సంబంధాలు చూసేటప్పుడు అడిగేదే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైన అభ్యంతరమే. న్యాయానికి తెలుగులో మాటలకు కరువేం లేదు, కాబట్టి ఆ అర్థంలో ఫెయిర్ మనకు అవసరం పడలేదు అని. నిజమే, కరువు లేదు. న్యాయం, ధర్మం, సబబు, సమంజసం ఉన్నాయి. బట్టల షాపు బోర్డు మీద సరసమైన ధరలు ఉన్నాయి. పంట అమ్ముకునే రైతుకు గిట్టుబాటు ధర ఉంది, అమ్మేవాడి వైపు నుంచి న్యాయమేమిటో ఒక్క మాటలో చెప్పే ఇంత చక్కని మాట ఎంత వెతికినా ఇంగ్లీషులో నాకు దొరకలేదు. గోళీలాడే పిల్లలకు తొండి ఉంది. తొండి చేస్తే ఆట ఆగిపోతుంది, ఎంత పెద్దింటి పిల్లాడైనా సరే, "తొండి, తొండి" అని అరిచి బయటికి పంపేస్తారు. న్యాయం విషయంలో మన వీధి భాష చాలా నిక్కచ్చిగా ఉంటుంది.

మరి రంగుకు మాటలు తక్కువా? తెల్లగా ఉంది, ఎర్రగా ఉంది, పసిమి ఛాయ, దబ్బపండు ఛాయ, చామనఛాయ, నలుపు, కర్రి నలుపు. మనవాళ్ళు ఎరుపు అన్నది కూడా ఈ రంగునే, ఎర్రగా బుర్రగా ఉన్నాడంటే అర్థం అదే. న్యాయానికి మాటలున్నాయి కాబట్టి ఫెయిర్ అక్కర్లేదన్న తర్కమే నిజమైతే రంగుకు అంతకంటే ఎక్కువే అక్కర్లేకపోవాలి. అయినా దాన్నే ఎందుకు తెచ్చుకున్నాం?

ఈ రెండు వాక్యాలు పైకి చదివి చూడండి. "మా వాడికి కాస్త ఫెయిర్‌గా ఉండే అమ్మాయిని చూస్తున్నామండీ." "మా వాడికి తెల్లతోలు పిల్ల కావాలండీ." రెండూ అడిగేది ఒకటే. మొదటిది చదువుకున్నవాళ్ళ ఇంట్లో కాఫీ తాగుతూ అనగలిగే మాట, వినేవాళ్ళు తలూపుతారు. రెండోది అంటే అన్నవాళ్ళకే ఎబ్బెట్టుగా ఉంటుంది. అలా ఎబ్బెట్టుగా ఉండటం మంచిదే, మనం ఏం అడుగుతున్నామో అది మన ముందు పెడుతుంది. ఫెయిర్ ఆ ఇబ్బందిని తుడిచేసింది. అడిగేవాడికి తెలుపు అడిగినట్టు ఉండదు, ఏదో ఫారంలో ఒక గడి నింపినట్టు ఉంటుంది. పైగా ఇంగ్లీషు మాట కాబట్టి దానికి చదువూ, నాగరికతా తోడొచ్చాయి. జర్మన్లు కూడా ఈ మాటను ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నారు. ఫెయిర్, అన్‌ఫెయిర్, ఫెయిర్‌నెస్ మూడూ వాళ్ళ నిఘంటువుల్లో ఉన్నాయి. వాళ్ళు తెచ్చుకున్నది న్యాయం అర్థం, ముఖ్యంగా ఆటల దారిలో వచ్చింది. రంగు అర్థం జోలికే పోలేదు. ఒకే అంగడికి వెళ్ళి వాళ్ళు ఆ సగం తెచ్చుకున్నారు, మనం ఈ సగం తెచ్చుకున్నాం. ఎవరికి ఏది కావాలో అది.

ఫెయిర్‌తో పాటే వచ్చిన ఇంకో మాట కలర్. ఇది తెలుగులో ఎక్కడికో వెళ్ళిపోయింది. "పిల్ల మంచి కలర్" అంటే తెల్లగా ఉందని. "కలర్ వచ్చావే" అంటే ఇదివరకటికంటే తెల్లబడ్డావని. "కాస్త రంగు తక్కువ" అంటే నల్లగా ఉందని. ఆలోచిస్తే ఎంత విడ్డూరమో చూడండి, తెల్లగా ఉన్నదానికి రంగు ఎక్కువట, నల్లగా ఉన్నదానికి తక్కువట. తక్కువ అన్నాక దాన్ని భర్తీ చెయ్యాలి కదా. ఎత్తు తక్కువ, చదువు తక్కువ, రంగు తక్కువ అన్నీ ఒకే లెక్కలోకి వచ్చేస్తాయి, ఆ లెక్క చివర్న కట్నం దగ్గర తేలుతుంది. "పిల్ల రంగు తక్కువ కాబట్టి ఇంకో రెండెకరాలు కలపండి" అని ఎవరూ ఇంత పచ్చిగా అనరు. "మీరే ఆలోచించండి బాబాయ్, మీ అమ్మాయి పరిస్థితి కూడా మీకు తెలుసు కదా" అంటారు. 1961 నుంచి కట్నం తీసుకోవడం నేరం. ఆ నేరాన్ని పెంచి అడగడానికి ఆ పిల్ల చర్మాన్ని సాకు చేస్తారు. ఆమె ఫెయిర్‌గా లేదు కాబట్టి ఆమెతో ఎవరూ ఫెయిర్‌గా ఉండక్కర్లేదు. ఆ మాటకున్న రెండు అర్థాలూ వచ్చి ఢీకొట్టుకునేది అక్కడే, ఆ సంబంధం మాటల దగ్గరే.

ఇది మొదలయ్యేది పెళ్ళిళ్ళ వయసులో కూడా కాదు. మా బంధువులమ్మాయి పురుడుకు ఆసుపత్రికి వెళ్ళాను. పాప పుట్టి పూట కూడా కాలేదు, కళ్ళు సరిగ్గా తెరవలేదు, వాళ్ళ మేనత్త తెల్లగుడ్డ మడత పక్కకు తీసి పాప చెవులు చూసింది. చెవి పైఅంచు, తమ్మె, రెండు వైపులా తిప్పి చూసింది. ఎందుకంటే పుట్టినప్పుడు ఒళ్ళు ఎలా ఉన్నా చివరికి వచ్చేది చెవుల రంగేనని మనవాళ్ళ నమ్మకం. చూసి, "ఫెయిర్ కాదు వదినా, వాళ్ళ నాన్న కలరే" అంది. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత బాలింత తల్లి, ఆమె అప్పటిదాకా బిడ్డ బరువు మూడు కిలోలని అందరికీ సంతోషంగా చెబుతున్న మనిషి, "సున్నిపిండి పెడతాంలెండి" అంది, ఏదో తప్పు చేసి సర్దుకుంటున్నట్టు. తొమ్మిది నెలలు కుంకుమపువ్వు పాలు తాగించిన ఇల్లు అది. ఆ మేనత్త చెడ్డది కాదు, ఆ రాత్రంతా మేలుకుని పిల్లను చూసుకున్నది ఆవిడే. "నల్లగా ఉంది" అన్న మాట పసిబిడ్డ మీద ఆవిడ నోటికి వచ్చేది కాదనే నాకనిపిస్తుంది. ఫెయిర్ కాదు అనడం తేలికైంది.

క్రీము సంగతి చెప్పకుండా ఈ విషయం తెమలదు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్లోకి వచ్చింది, మా తరం ఆడపిల్లలకు ఆ మాట నేర్పిన పంతుళ్ళలో పెద్దది ఆ ట్యూబే. ప్రకటనల్లో వరసేమిటో మీకందరికీ తెలుసు, నల్లపిల్ల, దిగులు, క్రీము, తెలుపు, ఉద్యోగం. నల్లగా ఉన్నవాళ్ళను తక్కువవాళ్ళుగా చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి నియమాలు పెట్టడానికి 2014 దాకా పట్టింది. 2020 ఫిబ్రవరిలో, ఒళ్ళు తెల్లబరుస్తామని చెప్పే ప్రకటనలకు కూడా జైలూ జరిమానా పెట్టాలని కేంద్రం ఒక ముసాయిదా బయటపెట్టింది. ఆ మే నెలలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగాక ప్రపంచమంతా రంగు గురించి గొంతెత్తింది. జూన్‌లో షాదీ డాట్ కామ్ తన సైట్‌లో ఒంటి రంగును బట్టి వెతికే ఏర్పాటు తీసేసింది, దానికి కారణం విదేశాల్లో ఉన్న మన ఆడపిల్లలు పెట్టిన పిటిషన్. జూన్ 25న హిందుస్థాన్ యూనిలీవర్ తన క్రీము పేరులోంచి ఫెయిర్ తీసేస్తామని ప్రకటించింది. కొద్ది రోజుల్లో అది గ్లో అండ్ లవ్లీ అయింది.

ఇక్కడే నన్ను అడుగుతారు, పేరు మారింది కదా, ఏం మారింది? క్రీము కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు, మాట మారిస్తే బుద్ధి మారుతుందా అని. ఆ ప్రశ్నతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఫెయిర్ తీసి గ్లో పెడితే ఏమీ మారదు, ఒక మెత్తని ఇంగ్లీషు మాట స్థానంలో ఇంకా మెత్తని ఇంగ్లీషు మాట వచ్చింది. ఇప్పుడు బ్యూటీపార్లర్లలో గ్లో, బ్రైటెనింగ్, డీ టాన్ అంటున్నారు, ఫెయిర్ అన్న మాట ఎవరూ ఎత్తరు, చేసే పని అదే. నేను అడుగుతున్నది దీనికి సరిగ్గా తిరగేసి. మాటను మెత్తబరచకండి, తెలుగులో పచ్చిగా అనండి అంటున్నాను. తెల్లగా ఉండాలని కోరిక ఉంటే తెల్లగా అని అడగండి, మీ నోటితో మీ భాషలో అడగండి, అడిగాక ఎదుటి పిల్ల ముఖం చూడండి. అలా అడగడానికి ఎంతమందికి నోరొస్తుందో నాకు అనుమానమే.

వర్ణించడానికి కూడా రంగు చెప్పకూడదా అని మా కాలేజీలో ఒక తోటి లెక్చరర్ అడిగారు. చెప్పొచ్చు. పేపర్లలో తప్పిపోయినవారి ప్రకటనలు చూడండి, చామనఛాయ, అయిదడుగుల మూడంగుళాలు, నీలం చొక్కా, గళ్ళ లుంగీ అని రాస్తారు. అందులో చామనఛాయ పక్కన నిట్టూర్పు ఉండదు. ఆ మనిషి దొరకాలి, అందుకు రాశారు. బయోడేటాలో అదే గడి ధర చెప్పే పని చేస్తుంది. అందులో ఉండే మెట్లు కూడా వెరీ ఫెయిర్, ఫెయిర్, వీటిష్, డార్క్. మొదటి రెండూ పొగడ్తలు, మూడోది రాజీ, నాలుగోది ఎవరూ టిక్ పెట్టరు. మనదేశంలో నూటికి ఎంతమంది గోధుమరంగులో ఉంటారో గానీ బయోడేటాల్లో మాత్రం నల్లనివాళ్ళందరూ వీటిషే.

ఇంకొకరు ఓదార్పుగా దేవుళ్ళను తెస్తారు. రాముడు నీలమేఘశ్యాముడు, ద్రౌపది పేరే కృష్ణ, పోతన గోపికలు మల్లెపొదల్ని అడుగుతూ కృష్ణుడి ఆనవాళ్ళలో మొదట చెప్పింది నల్లనివాడు అనే. ఆ పద్యం నాకూ నోటికొచ్చు, ఎన్నిసార్లు చెప్పుకున్నా ప్రాణం లేచొస్తుంది. అయినా ఈ ఓదార్పు నాకు నచ్చదు. నల్లపిల్లకు విలువ ఉందని చెప్పడానికి దేవుడి సాక్ష్యం కావాలా? ఆ పద్యం చదివే ఇంట్లోనే, ఆ కృష్ణుడి పటం కిందే, "అమ్మాయి ఫెయిరేనా?" అని అడుగుతారు. శతాబ్దాలుగా నల్లని దేవుణ్ణి కొలిచిన మనకు దానివల్ల నల్లని కోడలి మీద ప్రేమ పెరగలేదు. ఇది దేవుడితో తేలే విషయం కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు నోటికి అడ్డుకట్ట వేసుకుంటే తేలే విషయం.

సైన్సు మాట ఒక్కటి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భారతీయుల ఒంటి రంగు మీద చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. ఎస్ఎల్‌సి24ఏ5 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా మన మధ్య రంగు తేడాల్లో చెప్పుకోదగ్గ వాటాకు కారణమని, ఆ తేడా యూరప్ వాళ్ళకూ మనకూ ఒకే మూలం నుంచి వచ్చిందని వాళ్ళు తేల్చారు. ఒకే తల్లి కడుపున ఒకరు తెల్లగా ఒకరు నల్లగా పుట్టడం వెనక ఉన్నది ఇలాంటి అక్షరాలే. సున్నిపిండికి, కుంకుమపువ్వుకు అక్కడ పనేమీ లేదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ క్రీములకు మాత్రం చర్మాన్ని పలచన చేసి పాడుచేసే పని ఉంది, 2018లో ప్రభుత్వం పద్నాలుగు రకాలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది అందుకే. ఆ ట్యూబులు ఇంటికి రావడానికి మొదటి కారణం ఎవరో ఒకరు అన్న ఆ మాటే.

మా తమ్ముడి కూతురికి సంబంధాలు చూస్తున్నారు. ఫోటో కోసం నేనూ వెంట వెళ్ళాను. స్టూడియో అబ్బాయి చక్కగా తీశాడు, కంప్యూటర్ ముందు కూర్చుని, "కలర్ కొంచెం లేపమంటారా?" అన్నాడు. ఎవరూ ఏమీ అనకముందే మౌసు కదిపాడు. ముందు ముఖం తెల్లబడింది, మెడ నల్లగా ఉండిపోయింది. మెడకూ లాగాడు. చేతులు మిగిలాయి, వాటికీ లాగాడు. మెడలో గొలుసు కూడా వెలిసిపోయి తెల్లగా అయిపోయింది, దాన్ని విడిగా మళ్ళీ పసుపు చేశాడు. మా మేనకోడలు వెనక నిలబడి చూస్తూ, "అన్నా, అది నేను కాదు కదా" అంది. ఆ అబ్బాయికి ఇబ్బందిగా అనిపించింది. "అందరూ ఇలాగే అడుగుతారక్కా, నేనే ముందు చేసేస్తా" అని వెనక్కి తెచ్చాడు. వెనక్కి తెస్తుంటే ముఖంలో నీడలు, చెంప మీద పుట్టుమచ్చ, కళ్ళ కింద సన్నని గీత అన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

ఇంటికొచ్చి బయోడేటా టైపు చేస్తుంటే కాంప్లెక్షన్ అన్న వరుస దగ్గర మా తమ్ముడు ఆగాడు. వీటిష్ అని పెడదామా అన్నాడు. మా మరదలు అసలు ఆ వరుస ఎందుకు అంది. పిల్లవాడి బయోడేటాలో వాళ్ళు రాయలేదు, చూసిన అయిదారింటిలో ఏ అబ్బాయి బయోడేటాలోనూ లేదు, మన పిల్లకు మాత్రం ఎందుకుండాలి, ఇదేం న్యాయం అంది. ఇంగ్లీషులో అయితే ఆమె వాడాల్సిన మాట అదే. వరుస తీసేసి, మార్చని ఫోటో జతచేసి పంపాం.

మర్నాడు మ్యారేజ్ బ్యూరో నుంచి ఫోను, కాంప్లెక్షన్ ఖాళీగా వదిలేశారు సార్ అని. ఖాళీ కాదు, తీసేశాం, ఫోటో ఉంది కదండీ అన్నాడు మా తమ్ముడు. ఫెయిర్ అని పెడితే కాల్స్ ఎక్కువ వస్తాయి సార్, ఫోటోలో కొంచెం లైటింగ్ తేడా అనుకుంటారు అంది ఆమె. తక్కువ వచ్చినా ఫరవాలేదు, అలాగే ఉంచండి అన్నాడు.